ఒక్క స్టార్ టోర్కోల్‌ని ట్రాన్స్‌ఫర్ చేసే ముందు ఇది వినండి

ఈరోజు వేరే టాపిక్ అనుకున్నా. రెయిడ్స్ మీద ఎపిసోడ్ స్క్రిప్ట్ కూడా రాసి పెట్టుకున్నా. కానీ మొన్న రాత్రి వచ్చిన ఒక మెసేజ్ వల్ల దాన్ని పక్కన పెట్టేశా. ముందు ఆ మెసేజ్ సంగతి చెప్తా.

పంపింది మన శంషాబాద్ తమ్ముడే. ఇంటర్ సెకండ్ ఇయర్. పేరు చెప్పను, తను వద్దన్నాడు. మెసేజ్ ఇదీ: "అన్నా, ఒకాయన దగ్గర ఫోర్ స్టార్ టోర్కోల్ ఉందంట. 4,500 ఇస్తే శంషాబాద్ బస్టాండ్ దగ్గరికి వచ్చి ట్రేడ్ చేస్తా అంటున్నాడు. తీసుకోనా? నా దగ్గర ఉన్న టోర్కోల్ చెత్తది, ఒక్క స్టార్. దాన్ని ట్రాన్స్‌ఫర్ చేసేస్తున్నా."

4,500 ఎక్కడివి తమ్ముడూ అని అడిగా. ఫంక్షన్ హాల్‌లో క్యాటరింగ్‌కి పోతాడంట. మన రోడ్డు మీద ఫంక్షన్ హాళ్లకి లోటు లేదు కదా. పెళ్లి సీజన్‌లో రాత్రికి 500. అంటే తొమ్మిది రాత్రులు. తొమ్మిది రాత్రులు ప్లేట్లు మోసి, తెల్లారి కాలేజీకి పోయి నిద్రపోయిన డబ్బులు అవి.

నేను వెంటనే రెండే మాటలు రిప్లై ఇచ్చా. ఒకటి, డబ్బులు పంపకు. రెండు, ఆ ఒక్క స్టార్ దాన్ని డిలీట్ చేయకు, ముందు దాని స్క్రీన్‌షాట్ పంపు. ఎందుకు ఆ రెండూ చెప్పానో ఈ ఎపిసోడ్. చివరిదాకా ఉండండి, మధ్యలో కొంచెం లెక్కలున్నాయి. భయపడొద్దు, కూడికలు, భాగాహారాలే.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక్క నిమిషం. మనం మాట్లాడేది పోకెమాన్ గో గురించి. ప్రపంచంలో 2016 జులైలో మొదలైంది, మన దేశంలో అఫీషియల్‌గా 2016 డిసెంబర్‌లో వచ్చింది, జియోతో కలిసి. అప్పుడు జియో స్టోర్లు, రిలయన్స్ షాపులు గేమ్‌లో పోకెస్టాప్‌లు, జిమ్‌లు అయ్యాయి. సిమ్ కోసం లైన్లో నిలబడినోళ్లు ఒకవైపు, పీకాచు కోసం నిలబడినోళ్లు ఒకవైపు. నేను అప్పుడు బీటెక్‌లో ఉన్నా. రెండు లైన్లలోనూ నేనే ఉన్నా, అది వేరే విషయం.

ఇక టోర్కోల్. వీపు మీద బొగ్గు పొయ్యి ఉన్న తాబేలు. మూడో తరం పోకెమాన్‌లు 2017 చివరి నుంచి గేమ్‌లోకి వచ్చాయి, వాటిలో ఇదొకటి. దీని ప్రత్యేకత ఏంటంటే, ఇది రీజినల్. మన దేశం ఉన్న ఈ దక్షిణాసియా వైపే మామూలుగా దొరుకుతుంది. అమెరికాలో ఉన్నవాడు రోజంతా నడిచినా ఊరికే ఎదురు రాదు. మనకి మాత్రం పాల ప్యాకెట్‌కి పోతే కనిపిస్తుంది. అందుకే మనం దాన్ని పట్టించుకోం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు చూడండి, అదే.

మా బావ డాలస్‌లో ఉంటాడు. 2023లో వచ్చాడు. ఎయిర్‌పోర్ట్‌కి నేనూ అత్తయ్యా వెళ్లాం. అరైవల్స్ గేట్ బయట అత్తయ్య కొడుకుని చూసి ఏడుస్తోంది. బావ ఒక చేత్తో ట్రాలీ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసి, "బామ్మర్దీ, టోర్కోల్ ఉందా?" అన్నాడు. అత్తయ్యకి అర్థం కాలేదు. "టోర్కోల్ ఎవర్రా, పెళ్లి సంబంధమా?" అంది.

అప్పట్లో ట్రేడ్ చేయాలంటే ఇద్దరూ 100 మీటర్ల లోపు ఉండాల్సిందే. ఉన్నాం. డెక్స్‌లో లేని పోకెమాన్ అయితే స్టార్‌డస్ట్ ఎక్కువ పోతుంది. కొత్త ఫ్రెండ్స్ అయితే 20,000. కానీ మేం ఏడాది నుంచి రోజూ గిఫ్ట్‌లు పంపుకుంటున్నాం, గిఫ్ట్‌కి దూరంతో పని లేదు కదా. 90 రోజులు దాటితే బెస్ట్ ఫ్రెండ్స్, అప్పుడు అదే ట్రేడ్ 800తో అయిపోతుంది. తను అమెరికా నుంచి టౌరోస్ తెచ్చాడు, అది ఉత్తర అమెరికా వైపు దొరికేది. నేను నా దగ్గరున్న వాటిల్లో మంచి టోర్కోల్, త్రీ స్టార్ ఏరి పెట్టా. బావ కదా, చిన్నతనం కాకూడదని.

ట్రేడ్ అయింది. బావ అప్రైజ్ చేసి చూశాడు. ఒక్క స్టార్! "ఏంరా, నాసిరకం అంటగట్టావా?" అన్నాడు. నేను నా ఫోన్‌లో పాత స్క్రీన్‌షాట్ చూపిస్తే గానీ నమ్మలేదు. ఏం జరిగిందంటే, ట్రేడ్ అయిన ప్రతిసారీ పోకెమాన్ ఐవీలు మళ్లీ కొత్తగా పడతాయి. పాత నంబర్లు పోతాయి. పాచికలు మళ్లీ వేసినట్టు.

ఇప్పుడు మన తమ్ముడి విషయానికి రండి. ఆ అమ్మేవాడు ఫోర్ స్టార్ చూపిస్తున్నాడు. బస్టాండ్‌లో ట్రేడ్ చేస్తా అంటున్నాడు. ట్రేడ్ అవ్వగానే ఆ ఫోర్ స్టార్ ఉండదు!

లెక్క చూద్దాం. ఐవీ అంటే ప్రతి పోకెమాన్‌కి పుట్టుకతో వచ్చే మూడు నంబర్లు. అటాక్, డిఫెన్స్, హెచ్‌పీ. ఒక్కోటి 0 నుంచి 15 వరకు. మూడూ 15 అయితే ఫోర్ స్టార్, మనవాళ్లు హండో అంటారు. ఈ ఇద్దరూ కొత్త ఫ్రెండ్స్, అంటే గుడ్ ఫ్రెండ్ లెవెల్. ఆ లెవెల్‌లో ట్రేడ్ చేస్తే ఒక్కో నంబర్ 1 నుంచి 15 లోపు ఏదైనా రావొచ్చు. మూడూ 15 పడాలంటే 15 ఇంటూ 15 ఇంటూ 15. 3,375 సార్లలో ఒక్కసారి. లక్కీ ట్రేడ్ అయితే కనీసం 12 పడుతుంది, అప్పుడు 64లో ఒకసారి. కానీ కొత్తగా పరిచయమైనవాడితో లక్కీ అవుతుందన్న గ్యారంటీ ఏం లేదు.

అంటే తమ్ముడు 4,500 ఇచ్చి కొనేది ఫోర్ స్టార్ టోర్కోల్ కాదు. 3,375లో ఒక్క వంతు ఆశ. "ట్రేడ్ వద్దు, అకౌంటే ఇచ్చేస్తా" అని వాడు మాట మార్చొచ్చు. అది ఇంకా దారుణం. అకౌంట్లు అమ్మడం, కొనడం రెండూ గేమ్ రూల్స్‌కి విరుద్ధం. పైగా ఆ లాగిన్ వెనకున్న మెయిల్ వాడిదే. రేపు పాస్‌వర్డ్ మార్చేస్తే నువ్వు ఎవరికి చెప్పుకుంటావ్?

సరే, మోసం సంగతి తేలింది. కానీ నాకు అసలు బాధ అది కాదు. తమ్ముడు మోసపోబోయింది ఒక నమ్మకం వల్ల. ఫోర్ స్టార్ అంటే గొప్పది, ఒక్క స్టార్ అంటే చెత్తది అన్న నమ్మకం. ఆ నమ్మకం నాకూ ఉండేది. దానికి నేను కట్టిన ఫీజు చెప్తా.

స్లేకింగ్ తెలుసు కదా, పడుకుని ఉండే పెద్ద కోతి. బేస్ అటాక్ 290. గుడ్డులోంచి స్లేకోత్ వచ్చింది, ఐవీలు బ్రహ్మాండం. 15, 14, 13. ఇవాల్వ్ చేశా. లెవెల్ 20 నుంచి 40 దాకా పెంచా. సీపీ 4,400! ఫ్రెండ్స్ అందరికీ స్క్రీన్‌షాట్ పంపా. 20 నుంచి 40కి పెంచడానికి 2,25,000 స్టార్‌డస్ట్ అవుతుంది. మామూలు పోకెమాన్ ఒకటి పడితే వచ్చేది 100. అంటే 2,250 పట్టాలి. నేను అప్పుడు నైట్ షిఫ్ట్ చేసి, పొద్దున క్యాబ్ దిగి, ఇంటికి నడుస్తూ పట్టిన స్టార్‌డస్ట్ అదంతా.

రెయిడ్‌లోకి దింపా. అది ఆవలించింది. మళ్లీ ఆవలించింది. స్లేకింగ్‌కి ఉన్న ఫాస్ట్ మూవ్ ఒక్కటే, యాన్. దాని డ్యామేజ్ సున్నా. ఎదుటివాడు కొడుతుంటే 4,400 సీపీ పెట్టుకుని ఆవలిస్తూ చచ్చిపోయింది. గొడ్డు ఎంత పెద్దదైతే ఏం, కాడి మెడ మీద పెట్టనివ్వకపోతే?

ఆ రోజు నుంచి నేను ఏ పోకెమాన్‌ని చూసినా ఐవీలు చివర్లో చూస్తా. ముందు అయిదు ప్రశ్నలు, ఇదే వరసలో. నోట్ చేసుకోండి.

మొదటి ప్రశ్న. ఎక్కడ వాడతావ్? రెయిడ్‌లోనా, ట్రైనర్ బ్యాటిల్‌లోనా? బ్యాటిల్ అయితే ఏ లీగ్? గ్రేట్ లీగ్‌లో 1,500 సీపీ దాటకూడదు, అల్ట్రాలో 2,500, మాస్టర్‌లో లిమిట్ లేదు. ఇది తెలియకుండా మంచిదా చెడ్డదా అని అడగడం, పొలం చూడకుండా విత్తనం కొనడం లాంటిది.

రెండో ప్రశ్న. టైప్ ఏంటి? నీ మూవ్ ఎదుటివాడి టైప్‌కి విరుగుడు అయితే డ్యామేజ్ 1.6 రెట్లు. అంటే 60 శాతం ఎక్కువ. వాడు తట్టుకునే టైప్ అయితే 0.625 రెట్లకి పడిపోతుంది. ఇంకా, పోకెమాన్ టైపూ మూవ్ టైపూ ఒకటే అయితే 20 శాతం అదనం.

మూడో ప్రశ్న. మూవ్స్ ఏంటి? స్లేకింగ్ పాఠం. ఇంక చెప్పను, కడుపు మండుద్ది.

నాలుగో ప్రశ్న. జాతి బలం ఎంత? అంటే బేస్ స్టాట్స్. టోర్కోల్‌కి అటాక్ 151, డిఫెన్స్ 203, హెచ్‌పీ 172. చారిజార్డ్‌కి అటాక్ 223. రెషిరామ్‌కి 275. ఇప్పుడు చూడండి, హండో టోర్కోల్ అటాక్ 151 ప్లస్ 15, 166. అటాక్ ఐవీ సున్నా ఉన్న చారిజార్డ్ కూడా 223. ఆ గీత ఎన్ని స్టార్లు పెట్టినా దాటలేం.

అయిదో ప్రశ్న. లెవెల్ ఎంత, ఆ తర్వాత ఐవీ ఎంత? అదే లెవెల్‌లో రెషిరామ్ అటాక్ ఐవీ 0 నుంచి 15 అయితే పెరిగేది అయిదున్నర శాతం. అదే లెవెల్ 20 నుంచి 30కి పెంచితే ప్రతి స్టాట్ 22 శాతం పెరుగుతుంది. టైప్ కరెక్ట్‌గా పడితే 60 శాతం. ఏది ముందు చూసుకోవాలో మీరే చెప్పండి. మనం చేసేది రివర్స్. అప్రైజ్ నొక్కి స్టార్లు చూసి, మిగతావి చూడకుండా డిలీట్.

ఇప్పుడు తమ్ముడు పంపిన స్క్రీన్‌షాట్. అటాక్ 0. డిఫెన్స్ 14. హెచ్‌పీ 15. మొత్తం 29. మూడింటి మొత్తం 23 నుంచి 29 వరకు ఉంటే ఒక్క స్టార్. ఇంకొక్క పాయింట్ ఉంటే రెండు స్టార్లు అయ్యేది. అది చూసి నేను కుర్చీలోంచి లేచా నిజంగా!

ఎందుకో చెప్తా. గ్రేట్ లీగ్‌లో సీపీ 1,500 దాటకూడదు అన్నాం. సీపీ ఎలా లెక్కేస్తారంటే, అటాక్‌ని పూర్తిగా గుణిస్తారు, డిఫెన్స్‌ని, హెచ్‌పీని మాత్రం వాటి వర్గమూలం తీసి గుణిస్తారు. అంటే సీపీలో అటాక్‌కి బరువెక్కువ. అటాక్ ఎక్కువ ఉంటే 1,500 గోడ తొందరగా తగులుతుంది. అక్కడ ఆగిపోవాల్సిందే. అటాక్ తక్కువుంటే ఇంకొన్ని లెవెల్స్ పెంచుకోవచ్చు, ఆ లెవెల్స్‌తో డిఫెన్స్, హెచ్‌పీ పెరుగుతాయి.

కాగితం మీద లెక్క వేశా. ఆ ఫోర్ స్టార్ టోర్కోల్ లెవెల్ 25 దగ్గర 1,495 సీపీతో ఆగిపోతుంది. ఇంకో అరలెవెల్ పెంచితే 1,500 దాటిపోతుంది. అక్కడ దాని అటాక్ 110.9, డిఫెన్స్ 145.6, హెచ్‌పీ 124.

తమ్ముడి ఒక్క స్టార్ టోర్కోల్ లెవెల్ 27.5 దాకా పోతుంది. సీపీ 1,492. అటాక్ 105.8, డిఫెన్స్ 152, హెచ్‌పీ 131.

అటాక్‌లో అయిదు పాయింట్లు తక్కువ. కానీ డిఫెన్స్‌లో ఆరు పైన ఎక్కువ, హెచ్‌పీలో ఏడు ఎక్కువ. మూడూ కలిపి గుణిస్తే ఒక్క స్టార్‌దే దాదాపు అయిదు శాతం పైన ఉంటుంది. చేతిలో ఉన్నదాన్ని చెత్తలో వేసి, దానికంటే గ్రేట్ లీగ్‌లో వెనకబడేదాని కోసం తొమ్మిది రాత్రుల కష్టం ఇవ్వబోయాడు తమ్ముడు.

ఇక్కడ న్యాయంగా ఇంకో వైపు కూడా చెప్పాలి. ఒకటి, ఒక్క స్టార్‌ది ఎక్కువ లెవెల్ పోవాలి కాబట్టి ఖర్చు ఎక్కువ. 25 నుంచి 27.5కి 20,500 స్టార్‌డస్ట్ అదనం. రెండు, అటాక్ తక్కువైతే కొన్ని మ్యాచ్‌లలో నష్టం కూడా ఉంది. డ్యామేజ్ లెక్కలో దశాంశాలు కొట్టేస్తారు, అందుకని ఒక్కోసారి కొంచెం అటాక్ తేడాకి ప్రతి దెబ్బకీ ఒక పాయింట్ తగ్గుతుంది. మూడు, ఈ సూత్రం లిమిట్ ఉన్న లీగ్‌లకే. రెయిడ్‌లో టైమర్ ఉంటుంది, అయిదు స్టార్ల రెయిడ్‌కి 300 సెకన్లు. అక్కడ తొందరగా కొట్టాలి, అటాక్ కావాలి. మాస్టర్ లీగ్‌లో లిమిటే లేదు, అక్కడ 15, 15, 15కి విలువ ఉంది. అంటే ఫోర్ స్టార్ అబద్ధం కాదు. అది ఒక చోట నిజం, ఇంకో చోట కాదు.

మరి టోర్కోల్ గ్రేట్ లీగ్‌లో గొప్పదా? నేను అబద్ధం చెప్పను. గొప్పది కాదు, మధ్యరకం. ఒక్క ఫైర్ టైప్. నీళ్లు, నేల, రాయి, ఈ మూడు టైపులకి భయపడాలి. గ్రేట్ లీగ్‌లో ఎన్నో ఏళ్లుగా తిరిగే అజుమారిల్ వాటర్ టైప్, మన నిప్పుని చల్లార్చేస్తుంది. మూవ్స్ విషయానికొస్తే, ఫాస్ట్ మూవ్ ఫైర్ స్పిన్ పెట్టుకోండి. ఛార్జ్ మూవ్స్‌లో ఓవర్‌హీట్ గట్టిగా తగులుతుంది కానీ కొట్టిన వెంటనే మన అటాకే రెండు మెట్లు దిగిపోతుంది. కాబట్టి ఓవర్‌హీట్ కొట్టాక పోకెమాన్ మార్చేయడమో, అదే ఆఖరి దెబ్బ అనుకోవడమో చేయాలి. రెండోది ఎర్త్‌క్వేక్. ఇది ముఖ్యం, ఎందుకంటే మనల్ని భయపెట్టే రాయి టైప్‌కి నేల మూవే విరుగుడు. ఎదుటివాడు రాయి టైప్ దింపి, తాబేలేగా అని ధీమాగా ఉన్నప్పుడు షీల్డ్ వేయకుండా దొరికిపోతాడు.

గడ్డి, ఇనుము, మంచు, పురుగు టైపుల మీదకి దింపండి, పని చేస్తుంది. అంతవరకే. అన్నిటికీ అదే మందు అనుకోవద్దు.

ఇంకొక ఉపయోగపడే ముక్క. అటాక్ సున్నా టోర్కోల్ ఎప్పుడు దొరుకుతుంది? ఎండ కాసే రోజు దొరకదు! వెదర్ బూస్ట్ ఉన్నప్పుడు పట్టిన వైల్డ్ పోకెమాన్‌కి ప్రతి ఐవీ కనీసం 4 ఉంటుంది. ఫైర్ టైప్‌కి ఎండే బూస్ట్, రాత్రి అయితే ఆకాశం నిర్మలంగా ఉన్నా బూస్టే. మన శంషాబాద్ ఎండ సంగతి తెలిసిందే, రన్‌వే వైపు చూస్తే కళ్లు తిరుగుతాయి. కాబట్టి రెయిడ్ కోసం ఎండలో పట్టండి, లెవెల్ కూడా ఎక్కువొస్తుంది. గ్రేట్ లీగ్ కోసం మబ్బు పట్టిన రోజో, వానపడే రోజో పట్టండి. తమ్ముడిది వానాకాలంలో పట్టిందే, డేట్ చూశా.

ఇప్పటికే మీ బాక్స్‌లో ఉందేమో చూసుకోవాలంటే, సెర్చ్‌లో సున్నా అంకె వేసి, గ్యాప్ ఇవ్వకుండా పక్కనే ఇంగ్లిష్‌లో అటాక్ అని కొట్టండి. అటాక్ సున్నా ఉన్నవన్నీ బయటికొస్తాయి. వాటిలో డిఫెన్స్, హెచ్‌పీ గీతలు నిండుగా ఉన్నవాటికి ఫేవరెట్ గుర్తు పెట్టేయండి. ఆ తర్వాతే ట్రాన్స్‌ఫర్ సంగతి.

ఇప్పుడొక మాట. గేమ్ కాదు ఇది, కానీ దీని పక్కదే.

గేమ్‌లో ఈ స్టార్లు చూపించే ఫీచర్ పేరు అప్రైజల్. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లకి ఈ మాట వినగానే కడుపులో ఏదో అవుతుంది. నేను నాలుగేళ్లు చేశా. కంపెనీ పేరు అనవసరం. నాది ప్రొడక్షన్ సపోర్ట్, నైట్ షిఫ్ట్. నా పని ఏంటంటే, రాత్రి సిస్టమ్ పడిపోకుండా చూడటం. పడిపోకపోతే ఎవరికీ తెలియదు. పడిపోతే అందరికీ తెలుస్తుంది. మూడో ఏడాది అప్రైజల్‌లో మా లీడ్ మంచిగానే మాట్లాడాడు, కానీ రేటింగ్ కింద నుంచి రెండోది. కారణం, "నీ పని కనిపించట్లేదు" అన్నాడు. కొన్ని నెలలకి ప్రాజెక్ట్ అయిపోయింది, నన్ను బెంచ్ మీద వేశారు.

ఆ బెంచ్ మీద కూర్చున్న రెండు నెలలు నేను నిజంగానే చెత్త అనుకున్నా. ఇంట్లో చెప్పలేదు. పొద్దున ఐడీ కార్డు వేసుకుని పోయి సాయంత్రం వచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రేటింగ్ అబద్ధం కాదు. వాళ్లు ఏ లీగ్‌కి మనుషుల్ని ఏరుతున్నారో ఆ లీగ్‌కి నా అటాక్ తక్కువ. అంతే. ఆ కాగితం మీద నా డిఫెన్స్‌కి గడి లేదు. నేను చేసిన తప్పు, ఒక లీగ్ నంబర్‌ని జీవితానికి పెట్టుకోవడం.

నేను ఉద్యోగం మానేసి వీడియోలు చేస్తున్నా కదా అని మీరూ మానేయమని చెప్పట్లేదు. అస్సలు చెప్పట్లేదు. నా మొదటి ఏడాది సంపాదన చెప్తే మీ అమ్మానాన్నలు నన్ను కొడతారు. నేను చెప్పేది చిన్నదే. ఈఏపీసెట్ ర్యాంకో, ఇంటర్ మార్కులో, ఆఫీస్ రేటింగో వచ్చినప్పుడు ఆ అయిదు ప్రశ్నల్లో మొదటిది అడగండి. ఇది ఎక్కడికి కొలిచిన కొలత? తమ్ముడు ఆ మెసేజ్‌లో ఇంకో లైన్ కూడా రాశాడు, నేను ముందు చదవలేదు మీకు. "నాకు ఏదీ మంచిది రాదన్నా, గేమ్‌లో అయినా ఒకటి ఉండాలని" అని రాశాడు. అందుకే నేను రెయిడ్ ఎపిసోడ్ పక్కన పెట్టింది.

సరే, తర్వాత ఏమైందో చెప్పి ముగిస్తా. లెక్క మొత్తం కాగితం మీద రాసి ఫొటో పంపా. తమ్ముడు చాలాసేపు టైపింగ్ అని వచ్చి ఆగి, మళ్లీ వచ్చి, ఆఖరికి "అన్నా, ఇలాంటివి ఇంతకుముందు రెండు ట్రాన్స్‌ఫర్ చేసేశా" అన్నాడు. పోనీలే, నేను 2,25,000 ఆవులింతలకి పోశా, నీకంటే పెద్ద తెలివిగలవాణ్ణి అన్నా.

అమ్మేవాడికి "ట్రేడ్ చేస్తే ఐవీ మారుతుంది కదా" అని ఒక్క మెసేజ్ పెట్టమన్నా. పెట్టాడు. వాడు బ్లాక్ చేశాడు. సమాధానం దొరికినట్టే కదా.

ఆదివారం తమ్ముడు ఆ ఒక్క స్టార్ తాబేలుని పెంచి గ్రేట్ లీగ్‌లో ఒక సెట్ ఆడాడు. అయిదు మ్యాచ్‌లు, మూడు గెలిచాడు, రెండు ఓడాడు. ఓడిన రెండిట్లో ఒకటి అజుమారిల్ చేతిలోనే. అయిదు మ్యాచ్‌లతో ఏదీ రుజువు కాదు, అది నాకూ తెలుసు. కానీ ఒక మ్యాచ్‌లో ఆఖర్లో హెచ్‌పీ నాలుగు పాయింట్లు మిగిలి గెలిచాడంట. ఫోర్ స్టార్ దానికంటే దీనికి ఏడు ఎక్కువ అన్నాం, గుర్తుందా? ఆ స్క్రీన్‌షాట్ నాకు అర్ధరాత్రి పంపాడు. నేను తిట్టలేదు.

4,500 ఏం చేశావ్ అని మాత్రం అడగలేదు. అది తన కష్టం.

లాస్ట్‌గా, ఎప్పుడూ చెప్పేదే. ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద బండి నడుపుతూ ఆడొద్దు. స్పీడ్ ఎక్కువుంటే గేమ్ "నేను ప్రయాణికుణ్ణి" అని నొక్కమని అడుగుతుంది. నువ్వు హ్యాండిల్ పట్టుకుని అది నొక్కితే గేమ్‌ని మోసం చేసినట్టు కాదు తమ్ముడూ, ఇంట్లో ఎదురుచూసేవాళ్లని చేసినట్టు. పక్కకి ఆపి ఆడండి. టోర్కోల్ ఎక్కడికీ పోదు, అది తాబేలు.

మీ బాక్స్‌లో అటాక్ సున్నా ఉన్నవి ఏం దొరికాయో కింద కామెంట్‌లో రాయండి, మూడు నంబర్లతో సహా. కొన్ని ఏరి వచ్చే ఎపిసోడ్‌లో లెక్క వేసి చూపిస్తా. రెయిడ్ ఎపిసోడ్ కూడా వస్తుంది, మాట తప్పను. అప్పటిదాకా జాగ్రత్త, ఉంటా మరి.